ఎడమ మూలన ఉండాల్సిన బటన్

పుష్పలత ఆటో దిగి, సీపీయూ పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకుని వచ్చి ఖుష్బూ కౌంటర్ మీద దించింది. రెండు రోజుల కిందటి సాయంత్రం సంబరంగా తీసుకుపోయిన పెట్టె అది.

"ఏందక్క, నడుస్తలేదా?" అంది ఖుష్బూ.

"నడువకేంది, గుర్రం లెక్క ఉరుకుతున్నది. కని ఇది నా కంప్యూటర్ కాదు. నాది నాకియ్యి."

పెట్టె పుష్పలతదే. పక్కకు తిప్పితే కుంకుమ బొట్లు కూడా కనిపిస్తున్నాయి, దసరా నాడు ఆయుధపూజకు పెట్టినవి. మారింది లోపలి సరుకు ఒక్కటే. ఖుష్బూ పాత విండోస్ తీసేసి, కంప్యూటర్‌ను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్, లైనక్స్ వేసింది. అంతకుముందు స్విచ్ వేసి చాయ్ తాగి వచ్చినా తెర వెలిగేది కాదు. ఇప్పుడు కుర్చీ జరుపుకుని కూర్చునేలోపే తయారుగా ఉంటోంది. మెచ్చుకుంటుందనుకున్న మనిషి మొహం ముడుచుకుని నిలబడింది.

"స్టార్ట్ బటన్ ఎక్కడుండాలె చెప్పు," అంది పుష్పలత. "ఎడమ దిక్కు, కింద మూలకు. నువ్వు కింద ఉండే పట్టీని తీస్కపోయి తెర నెత్తి మీద పెట్టినవ్. డి డ్రైవ్ ఏదని దేవులాడిన, లేదు. రైట్ క్లిక్ కొడితే రిఫ్రెష్ లేదు. తెలుగు కొడితే ఒకటనుకుంటే ఇంకొకటి పడుతున్నది. నిన్న ఒక ముసలాయన పింఛన్ దరఖాస్తు కోసం పొద్దుగాల కూసుంటే పొద్దుగూకింది."

"నాలుగు రోజులు పోతే అలవాటైతది అక్క."

"ఆ నాలుగు రోజులు నా ముందట నిలబడ్డోళ్లకు నువ్వొచ్చి చెప్తవా?"

ఖుష్బూ కూర్చోమని స్టూలు జరిపింది. పుష్పలత కూర్చోలేదు. తన టైపు దుకాణానికి తాళం వేసి వచ్చానని, మనుషులు ఎదురుచూస్తున్నారని చెప్పి, పెట్టెను అక్కడే వదిలి అదే ఆటోలో వెళ్లిపోయింది.

బోధన్‌లో పాత బస్టాండు నుంచి శక్కర్‌నగర్ వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది ఖుష్బూ దుకాణం. పైన ‘ముజఫర్ రేడియో హౌస్’ అని పాత బోర్డు. దాని కింద, సగం వెడల్పున, ‘ఖుష్బూ కంప్యూటర్స్’ అని కొత్తది. లోపల కూడా అలాగే సగం సగం. ఒక పక్క ముజఫర్ మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు విప్పుకుని కూర్చుంటాడు. ఇంకో పక్క అతని కూతురు.

ఖుష్బూ నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ డిప్లొమా చేసింది. చదువు అయ్యాక అక్కడే ఒక పెద్ద కంప్యూటర్ దుకాణంలో చేరింది. ఆమెను ముందు కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్లు ఎత్తే పని ఇచ్చారు. పెట్టెలు విప్పేది వెనక గదిలో, అక్కడ మగవాళ్లే. వాళ్లు అన్నానికి పోయినప్పుడు ఖుష్బూ తన డబ్బా తెరవకుండా వెనక గదిలోకి పోయి, విప్పి పెట్టినవాటిని చూస్తూ నిలబడేది. కొన్నాళ్లకు యజమాని దగ్గరికి పోయి, "నన్ను లోపల కూసోబెట్టుండ్రి సార్, లేకపోతే నేను పోత," అని చెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె మరునాటి నుంచి పోలేదు. బోధన్ వచ్చి, తండ్రి దుకాణంలో పనికిరాని రేడియోలు పేర్చిన సగాన్ని ఖాళీ చేయించింది. ఊళ్లో ఆడపిల్ల కంప్యూటర్ విప్పుతుందా అన్నవాళ్లే, తర్వాత వచ్చి, "అమ్మా, జెర మాది గూడ చూడు," అన్నారు. తల్లి మెహరున్నిసా మాత్రం మొదటి రోజు నుంచీ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. మధ్యాహ్నం ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద డబ్బా పంపేది.

ఈ మధ్య ఖుష్బూ దుకాణానికి వచ్చే కంప్యూటర్లన్నిటికీ ఒకటే రోగం. పెట్టెలు పాతవి. కొత్త విండోస్ వాటి మీద ఎక్కదు. ఉన్నదానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తది కొనుక్కోండని చెప్పడం సులువు. కానీ లోపల అన్ని భాగాలూ చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని తుక్కులో వేయమని చెప్పడానికి ఖుష్బూకు నోరు రాదు. డిప్లొమా రోజుల నుంచీ తను వాడేది లైనక్సే. అది పాత పెట్టెల మీద కూడా హాయిగా నడుస్తుంది, ఎవరికీ రుసుం కట్టక్కర్లేదు. పైగా దాన్ని మనకు నచ్చినట్టు మలుచుకోవచ్చు. ఖుష్బూ తన తెరను ఎంతో ముచ్చటగా పెట్టుకుంది. పట్టీ పైన సన్నగా, కింద గుండ్రటి బొమ్మల వరస. పుష్పలత పెట్టెలో కూడా ప్రేమకొద్దీ అదే అందం దించింది. అదే తిరిగొచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ తండ్రికి సంగతంతా చెప్పింది. తండ్రీకూతుళ్లు మాట్లాడుకునేది ఉర్దూలో.

"నేను మంచిదే ఇచ్చాను అబ్బాజాన్. ఆమెకు పాతదే కావాలట. లైనక్స్ మీద విండోస్ వేషం వేయమంటే, చేతకాక కాదు, నాకు మనసు రాదు. దాని అందం దానికుంది కదా."

ముజఫర్ రొట్టె తుంచుతూ అన్నాడు. "నా దగ్గరికి రేడియో వచ్చిందనుకో. బాగుచేసేటప్పుడు ముల్లు ఎన్నిసార్లు తిప్పుతానో నాకే తెలియదు. కానీ ఇచ్చేటప్పుడు అది వచ్చిన రోజు ఏ స్టేషన్ మీద ఉందో అక్కడికే తెచ్చి పెడతాను. ఇంటికి పోయి స్విచ్ తిప్పగానే అతని వార్తలు అతనికి వినబడాలి. అప్పుడే బాగైందని నమ్ముతాడు. నాకిష్టమైన స్టేషన్ పెట్టి ఇస్తే, నా రేడియో ఏదని అడుగుతాడు."

ఖుష్బూ డబ్బా మూత పెట్టేసింది. లైనక్స్ వేసింది కొత్త డిస్క్ మీద. విండోస్ ఉన్న పాత హార్డ్‌డిస్క్ ఆమె పారేయలేదు. దాన్ని మళ్లీ పుష్పలత పెట్టెలో బిగించి, స్కూటీ మీద ముందు పెట్టుకుని బయలుదేరింది.

తహసీల్ ఆఫీసు ఎదురు సందులో, జిరాక్స్ దుకాణం పక్కన చిన్న గది పుష్పలతది. పట్టాలు, పింఛన్లు, కులం సర్టిఫికెట్లు, అఫిడవిట్లు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల కష్టాలన్నీ ఆ గదిలోనే అక్షరాలవుతాయి. పెళ్లికి ముందు నిజామాబాద్‌లో తెలుగు టైపు నేర్చుకుంది. భర్త పోయాక ఆ వేళ్ల మీదే ఇల్లు నడిపి, కూతురు దీక్షితను నర్సింగ్ చదివిస్తోంది.

"అక్క, పాతదే తెచ్చిన," అంది ఖుష్బూ. "ఇయ్యాల పొద్దుగూకేదాక నీ పక్కన కూసుంట. నువ్వు పని చేసుకో. నన్ను పట్టించుకోకు."

"కూసొని ఏం చేస్తవ్?"

"చూస్త."

నిజంగానే చూసింది. పుష్పలత చెయ్యి మౌసును ఎడమ కింది మూలకు తోసేటప్పుడు కళ్లు అటు పోవు, అవి ఎదుటి మనిషి మొహం మీదే ఉంటాయి. పని మధ్యలో ఆలోచన వస్తే ఖాళీ తెర మీద రైట్ క్లిక్ కొట్టి, రిఫ్రెష్, రిఫ్రెష్, రిఫ్రెష్ అని నొక్కుతుంది. దానివల్ల జరిగేదేమీ లేదు. నడిచే మనిషి ఒక్క క్షణం ఆగి కొంగు సర్దుకోవడం లాంటిది అది. తెర నిండా దీక్షిత చిన్నప్పటి ఫోటో, చెరుకు తోటలో గడ పట్టుకుని నవ్వుతూ. ఫైళ్ల బొమ్మలన్నీ ఆ మొహానికి అటూ ఇటూ ఉన్నాయే తప్ప ఒక్కటీ మొహం మీద లేదు. ఖుష్బూ వేసిన కొత్తదానిలో ఆ ఫోటోనే లేదు. దాని స్థానంలో మంచు కొండలు పెట్టింది.

సాయంత్రం దుకాణం కట్టేసే ముందు ఖుష్బూ నోరు విప్పింది. "అక్క, ఒక మాట. లోపల లైనక్సే ఉంటది. పాతది ఉంచను, అది నిన్ను సతాయిస్తది. బయటికి మాత్రం అచ్చం నీ పాతదాని తీరు చేసిస్త. సమ్మతమేనా?"

"లోపల ఏమున్నదో నాకెందుకు. ఆటో ఎక్కేటప్పుడు ఇంజన్ విప్పి చూస్తున్ననా? నా చేతులు పోయిన కాడ నా వస్తువు ఉండాలె. గంతే."

మరునాటి నుంచి, పుష్పలత పాతదానితోనే పని నడుపుకుంటుంటే, ఖుష్బూ వేరే పనులు పక్కన పెట్టి కొత్త డిస్క్ ముందేసుకుంది. పుష్పలత దగ్గర తీసుకున్న పాత తెర ఫోటో ఫోన్‌లో తెరిచి ముందు పెట్టుకుని, పట్టీని పైనుంచి కిందికి దించింది. దాని మందం, నీలం రంగు, గడియారం ఏ పక్క ఉండాలి, తేదీ ఏ వరసలో రావాలి, అన్నీ ఒక్కొక్కటిగా సరిచేసింది. స్టార్ట్ బటన్‌కు విండోస్ కంపెనీ బొమ్మ పెట్టబుద్ధి కాలేదు. తనే నాలుగు గళ్ల కిటికీ గీసి పెట్టింది. ఫైళ్లన్నిటినీ ఒకచోట చేర్చి దానికి ‘డి డ్రైవ్’ అని పేరు రాసింది. చెత్తబుట్ట తెరకు పై మూలన పెట్టింది. తెరిచిన పేజీలు మూసే గుర్తు కుడి చివరికి జరిపింది. దీక్షిత ఫోటో పరిచి, బొమ్మలను ఆ మొహానికి అటూ ఇటూ పాత వరసలోనే నిలబెట్టింది.

రిఫ్రెష్ దగ్గర చెయ్యి ఆగింది. లైనక్స్‌లో ఆ మాటే అక్కడ ఉండదు. అవసరం లేదు కాబట్టి ఎవరూ పెట్టలేదు. రైట్ క్లిక్ కొడితే వచ్చే వరసలో మనకు కావాల్సిన మాటను చేర్చుకునే వీలు మాత్రం ఉంది. ఖుష్బూ అక్కడ ‘రిఫ్రెష్’ అని రాసి, నొక్కితే ఏమీ జరగకుండా పెట్టింది. తండ్రికి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు.

అసలు కష్టం తెలుగు దగ్గర వచ్చింది. పుష్పలత వేళ్లు నేర్చింది టైపు మిషన్ వరస. పాత ఫాంట్లలో ఒత్తుకు విడిగా ఒక కీ ఉండేది. ఇప్పటి పద్ధతిలో ముందు పొల్లు, తర్వాత అక్షరం కొడితే ఒత్తు పడుతుంది. ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో రాసి ఇస్తే లైనక్స్ ఆ వరసను పాటిస్తుంది. రాసిచ్చేందుకు ముందు ఆ వరస తెలియాలి కదా.

"‘ఝ’ ఎక్కడుంటది అక్క?" అని అడిగింది.

పుష్పలత చాలాసేపు కీబోర్డు వంక చూసింది. "ఏమో. చూస్తే తెల్వది. ఏదన్న మాట చెప్పు, కొడత."

అలా మొదలైంది. పాత హార్డ్‌డిస్క్ మీద పుష్పలత కళ్లు మూసుకుని కొడుతుంటే, ఖుష్బూ పక్కన కూర్చుని ఏ వేలు ఎక్కడ పడుతోందో చూసి తన ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. దరఖాస్తుల మొదటి వాక్యంతో మొదలుపెట్టారు. ‘తహసీల్దార్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా.’ ఖుష్బూ చదివింది ఉర్దూ మీడియం. తెలుగు చదవగలదు కానీ ఒత్తులతో ఎప్పుడూ పేచీయే.

"స్త్రీకి కింద రెండు ఒత్తులా అక్క?"

"రెండే. తకారం, రకారం. మా టైపు సార్ గీ ఒక్క మాట కాడ అందరినీ నిలబెట్టెటోడు. నేను ఒక్కదాన్నే కూసున్న." చెబుతుంటే పుష్పలత మొహం వెలిగింది.

కొన్ని మాటలు తప్పు పడ్డాయి. ‘లక్ష్మి’ మొదట మూడు ముక్కలైంది. ‘కృష్ణ’ వట్రసుడి పోగొట్టుకుంది. ఖుష్బూ ఇంటికి పోయి సరిచేసుకుని వచ్చేది, మళ్లీ కొట్టించేది. చివరికి ఒక రోజు పుష్పలత కొత్తదాని ముందు కూర్చుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తూనే అతని పట్టా దరఖాస్తు మొత్తం కొట్టేసింది. ప్రింట్ తీసి చేతికిచ్చింది. అతను పోయాక రైట్ క్లిక్ కొట్టి రిఫ్రెష్ నొక్కింది.

"గది ఏం పనీ చెయ్యదు అక్క," అంది ఖుష్బూ. దాచడం ఆమెకు ఇష్టం లేదు. "ఉత్తగనే పెట్టిన."

"చెయ్యకపోతే ఏంది. ఉన్నది గదా," అని ఇంకోసారి నొక్కింది పుష్పలత. "ఇగో, ఇప్పుడిది నాది."

ఆ వానాకాలం మంజీర నది పొంగింది. ఒడ్డున ఉన్న ఊళ్లలో పొట్టకొచ్చిన వరి నీళ్ల కింద పడుకుంది. నీళ్లు తీశాక కొన్ని పొలాల్లో ఇసుక మేట వేసి ఉంది. నష్టం రాయించుకోవడానికి రైతులు తహసీల్ ఆఫీసుకు కదిలారు. దానికి ముందు దరఖాస్తు కావాలి. పుష్పలత గది ముందు వరస సందు దాటి రోడ్డెక్కింది. కరెంటు పోతూ వస్తూ ఉంది. పోయిన ప్రతిసారీ పాత కంప్యూటర్ అయితే లేవడానికే పూట పట్టేది. ఇది పోయినంత తొందరగా లేచి నిలబడుతోంది. పుష్పలత తల ఎత్తకుండా కొడుతూనే ఉంది. వరసలో నిలబడ్డ హన్మండ్లు అనే రైతు, తన వంతు వచ్చినప్పుడు కాళ్లకు ఇంకా బురదతోనే ఉన్నాడు.

"అవ్వా, ఇసుక పడ్డదని గూడ రాయి. నీళ్లు పోయినయి కని ఇసుక పోలే," అన్నాడు.

"రాసిన పటేలా. ‘ఇసుక మేట వేసి సాగుకు పనికిరాకుండా పోయినది’. సరేనా?"

"మస్తుగ రాసినవ్. నా కడుపుల ఉన్నదే రాసినవ్," అని అతను కాగితాన్ని తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఖుష్బూ ఆ రోజుల్లో రెండుసార్లు వచ్చి చూసి పోయింది. చేయాల్సిన పని ఏమీ లేకపోయింది. ఆ సందులో నిలబడి కీల చప్పుడు వింటుంటే ఆమెకు మంచి బిర్యానీ తిన్నంత తృప్తిగా ఉండేది.

గొడవ ఆ తర్వాత వచ్చింది. పుష్పలత చెల్లెలి కొడుకు నితీష్ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. సెలవుకు వచ్చి పెద్దమ్మ దుకాణంలో కూర్చున్నాడు. ఆమె అన్నానికి లేచినప్పుడు కంప్యూటర్ ముందుకు జరిగి, అటూ ఇటూ నొక్కి, నొసలు ముడిచాడు.

"పెద్దమ్మా, ఇది విండోస్ కాదు. లైనక్స్ మీద విండోస్ వేషం వేసిండ్రు. నీకు ఎవరు అంటగట్టిండ్రు ఇది?"

"నాకు ఎర్కే. నేనే గట్ల చెయ్యమన్న," అంది పుష్పలత చెయ్యి కడుక్కుంటూ. "ఖుష్బూ ముందే చెప్పి చేసింది."

నితీష్ ఊరుకున్నాడు. కానీ జిరాక్స్ దుకాణం దగ్గర నిలబడ్డవాళ్లు మొదటి మాటే విన్నారు, రెండోది వినలేదు. ఖుష్బూ నకిలీ విండోస్ అమ్ముతోందన్న మాట ఊరు దాటింది. చందూర్‌లో చిన్న ప్రైవేటు బడి నడిపే నాగేందర్ తన ల్యాబ్ కంప్యూటర్ల పనంతా ఆమెకే ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. అతను ఫోన్ చేశాడు.

"నకిలీది నాకొద్దమ్మా. బడి పేరు ఖరాబైతది," అని పెట్టేశాడు.

ఖుష్బూ ఫోన్‌ను కౌంటర్ మీద పడేసింది. చెప్పని సంగతి తను ఒక్కటీ చేయలేదు. మరి ఈ మాట ఎక్కడ పుట్టింది? మెహరున్నిసా డబ్బా తీసుకుపోవడానికి వచ్చి కూతురి మొహం చూసింది. విషయం విని, "నువ్వు ఇక్కడ కూర్చుంటే ఆ మాట అక్కడ తిరుగుతూనే ఉంటుంది. పోయి నీ నోటితో చెప్పు," అంది.

మర్నాడు ఖుష్బూ తన ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని చందూర్ బస్సెక్కింది. నాగేందర్ ఆఫీసు గదిలోకి పోయి సలాం చెప్పి నిలబడింది.

"నకిలీ అంటే ఒకటి చూపించి ఇంకొకటి అమ్ముడు సార్. నేను లైనక్స్ అని చెప్పే ఇస్తున్న. బయట తీరు మాత్రం వాడేటోళ్ల అలవాటు కోసం మారుస్తున్న. పుష్పక్కను అడుగుండ్రి, ఫోన్ కలుపుత."

నాగేందర్ ఫోన్ వద్దని చెయ్యి ఊపాడు. ల్యాబ్ చూపించాడు. ఖుష్బూ ఒక కంప్యూటర్ తెరిచి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఇప్పుడు మీ తాన ఉన్నదే దొంగ కాపీ సార్. ఎవరో పెట్టిపోయిండ్రు, మీకు తెల్వది. నేను పెట్టేది ఎవ్వల దగ్గరా దొంగిలించింది కాదు. అందరికీ ఉత్తగ ఇచ్చిందే."

నాగేందర్ బుర్ర గోక్కున్నాడు. మంచివాడే, కోపం తెచ్చుకోలేదు. ఒక ప్రశ్న మాత్రం గట్టిగా అడిగాడు. "రేపు మా పిల్లలు ఆఫీసుల్ల నౌకరికి పోతే అక్కడ విండోస్ ఉంటది. అప్పుడు వీళ్లు బిక్కమొహం వెయ్యరా?"

"వేస్తరు సార్, ఇదొక్కటే చూపిస్తే. గందుకే ఒక కంప్యూటర్ల విండోస్ పైసలు కట్టి అసలుదే పెట్టుకుందాం. పిల్లలు రెండూ చూస్తరు. వాళ్లకు వేషం ఏం అక్కర్లేదు. లైనక్స్ లైనక్స్ లెక్కనే ఇస్త. వాళ్లు ఒక్క పూటల పట్టుకుంటరు."

"మరి సార్లు, మేడమ్‌లు?"

"వాళ్లవాటికి స్టార్ట్ బటన్ ఎడమ దిక్కుకే పెడత."

నాగేందర్ పెద్దగా నవ్వాడు. పిల్లల కోసం తెచ్చిన చాక్లెట్ల డబ్బాలోంచి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ల్యాబ్ పని ఆమెకే దక్కింది.

అప్పటి నుంచి ఖుష్బూ ఒక పద్ధతి పెట్టుకుంది. తను తీరు మార్చిన ప్రతి కంప్యూటర్‌లో, తెర కుడి పక్కన చిన్న అక్షరాల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక మాట కనబడుతుంది. ‘లోపల లైనక్స్. పాత తీరుకు మార్చింది ఖుష్బూ, బోధన్.’ కింద ఫోన్ నంబర్. అనుమానం రాకుండా పెట్టిన ఆ మాటే ప్రచారం అయింది. వర్ని నుంచి, బాన్సువాడ నుంచి ఫోన్లు వచ్చాయి. ఎక్కువగా అడిగింది చేతులకు పాత అలవాట్లున్న వాళ్లే.

నితీష్ హైదరాబాద్‌కు తిరిగి పోయే ముందు ఖుష్బూ దుకాణానికి వచ్చాడు. గడప దగ్గర కాసేపు తటపటాయించి లోపలికి వచ్చి, "నా నోటి తొందర వల్ల మీకు పరేషాన్ అయింది అక్క," అన్నాడు.

"పరేషాన్ పోయింది. కూసో తమ్మీ, చాయ్ తాగు."

చాయ్ తాగుతూ అతను ఆ టైపు వరస గురించి అడిగాడు. ఖుష్బూ తెరిచి చూపిస్తే మొత్తం చదివాడు. ఇలా మిషన్ మీద నేర్చుకున్నవాళ్లు రాష్ట్రమంతా ఉంటారని, ఇది నెట్‌లో పెడితే ఎవరికి కావాలంటే వాళ్లు దింపుకుంటారని అన్నాడు. ఎలా పెట్టాలో తనే పక్కన కూర్చుని చూపించాడు. పేరు ఏం పెట్టాలని అడిగితే, ఖుష్బూ ఆలోచించకుండా ‘పుష్పలత’ అని కొట్టింది. ఈ సంగతి విని పుష్పలత దుకాణంలో కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. దీక్షితకు ఫోన్ చేసి, "నా పేరు మీద కీబోర్డు వచ్చింది బిడ్డా," అంది.

చలికాలం మొదట్లో ఒక రోజు పుష్పలత ఫోన్ చేసి, వచ్చి ఒకసారి చూసిపొమ్మంది. ఏదో చెడిపోయిందనుకుని ఖుష్బూ స్కూటీ తీసింది. పోయి చూస్తే పట్టీ కింద లేదు. కుడి పక్కకు, నిలువుగా నిలబడి ఉంది. రంగు పసుపు. గడియారం పెద్ద అక్షరాల్లో ఉంది.

"ఒకనాడు చెయ్యి తగిలి జరిగింది," అంది పుష్పలత. "అరె, ఇది జరుగుతదా అనుకున్న. జరిపి జరిపి చూసిన. గిట్లయితే కాయితం నిలువుగ మొత్తం కనబడుతున్నది. బాగలేదా?"

"నీ స్టార్ట్ బటన్ అక్క?"

"ఆడ్నే మీద ఉన్నది సూడు. చెయ్యి రెండు దినాలు పాత మూలకే పోయింది. మల్ల నేర్చుకున్నది."

ఖుష్బూ ఆమె భుజం పట్టుకుని ఊపింది. అక్కడి నుంచి లేస్తూ ఉండగానే దుకాణం నుంచి తండ్రి ఫోన్. మహారాష్ట్ర సరిహద్దు అవతల దెగ్లూర్ నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడట. కోర్టు దగ్గర మరాఠీ టైపు చేస్తాడట. నెట్‌లో పుష్పలత పేరు మీద ఉన్నది చూశాడట. తన వేళ్లకూ ఒకటి కావాలట. కంప్యూటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"మరాఠీ నీకు రాదు కదా బేటా, ఏం చెప్పమంటావ్?" అన్నాడు ముజఫర్.

"మీకు వచ్చు కదా అబ్బాజాన్. రేడియోలకు అటునుంచే ఎంతమంది వచ్చేవాళ్లు. చాయ్ పోయించి కూర్చోబెట్టండి. మీరు మాటలు చెప్పాలి, ఆయన కొడతాడు, నేను చూసుకుంటాను."

ఖుష్బూ వచ్చేసరికి ముజఫర్ విప్పిన మిక్సీని పక్కకు నెట్టి, కుర్చీని కూతురి సగంలోకి జరుపుకున్నాడు. దెగ్లూర్ ఆయన కీబోర్డు మీద చేతులు పెట్టుకుని తయారుగా ఉన్నాడు. ఖుష్బూ సంచి దించి, ల్యాప్‌టాప్ తెరిచి, కొత్త పేజీ తీసింది.

"చెప్పండి అబ్బాజాన్," అంది.